అత్త దిబ్బకు తీర్మానం

మా మేనత్త పోయిందని వాళ్ల ఊరి పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే నీళ్లు ముంచుకుంటూ కూలబడిందట. తిరుపతిలో లాడ్జి కౌంటరు వెనక కూర్చున్న నాకు ముందు ఏడుపు రాలేదు. ఆమె మూడుసార్లు తెచ్చి చూపిన కాగితం గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

అత్తది పాకాల. పెళ్లై శ్రీహరికోట అవతల సముద్రపుటొడ్డున కాపురం పెట్టింది. మామ పోయాక ఆమెకు మిగిలింది నాలుగెకరాల ఇసుక దిబ్బ, దాని పల్లంలో ఒక దొరువు. దొరువంటే ఇసుకలో తవ్విన ఊటగుంట. పక్కనే ఉప్పు సముద్రం ఉన్నా అందులో తియ్యటి నీళ్లు. ఊరంతా అవే తాగుతుంది. పిల్లల్లేని అత్త ఆ నేలను నా పేర వీలునామా రాసింది.

రొయ్యల గుంటలకని ఆ దిబ్బను చాలామంది అడిగారు. ఎన్నటికీ అక్కడ గుంట తవ్వకూడదని, ప్లాట్లు వేయకూడదని గ్రామసభ తీర్మానం చేయాల్సిందేనని అత్త పట్టుబట్టింది.

"గుడికా, బడికా? దేనికిస్తున్నావో రాయాల గదమ్మా" అన్నాడు కార్యదర్శి.

"దేనికీ గాదు నాయనా. దిబ్బ దిబ్బగా ఉండల్ల, అంతే."

సభంతా నవ్వింది. మా అత్త ఊరుకునే మనిషా! మరుసటి సభకు రెండు చెంబులు మోసుకెళ్లింది. "ఇవి మన నీళ్లు. అవి గుంటలు తవ్వినాక పక్కూరోళ్లు తాగతా ఉండేటివి. తాగి సూడండప్పా!" సర్పంచి రెండో చెంబు నీళ్లు నోట్లో పోసుకుని కిటికీలోంచి ఉమ్మాడు. ముందు ఆడవాళ్లు చేతులెత్తారు, తర్వాత మగవాళ్లు. తీర్మానమైంది. రేపు తగాదా రాకుండా వారసుడి సంతకం కూడా కావాలన్నారు.

ఆ వారసుణ్ణి నేనే. "అమ్మితే తిరుపతిలో ఇల్లొస్తుంది గదత్తా, ఇసుక కూడు పెడతాదా?" అన్నాను. సంతకం కోసం తిరుపతి వచ్చినప్పుడల్లా అత్త సీసాలో దొరువు నీళ్లు తెచ్చేది. బస్సుకు టైమైందంటూ కుర్చీలో కూడా కూర్చునేది కాదు. "కోపంగా పెట్టే సంతకం నాకొద్దురా. మనసైనప్పుడే పెట్టు" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకునేది. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కర్మంతరాల నాడు కార్యదర్శి దగ్గరికి వెళ్లి, "కాగితం తెండి సార్, పెడతాను" అన్నాను.

"ఆమె ఉన్నప్పుడైతే నీ సంతకం చాలేదప్పా. ఇప్పుడు నేల నీది. నీ పేరుకు మారాల, నువ్వు అర్జీ పెట్టాల, మళ్లీ సభ జరగాల. మధ్యలో నీ మనసు మారితే అడిగేవాళ్లు లేరు" అన్నాడాయన.

ఆ మాట నిజం, అందుకే భయం వేసింది. గుంటల వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.

తిన్నగా దిబ్బ మీదికి నడిచాను. దొరువు దగ్గర ఆడవాళ్లు బిందెలు నింపుకుంటున్నారు. "ఏం చేస్తావబ్బా?" అని ఒకామె అడిగింది. నేనే అర్జీ పెడతానన్నాను. నిండిన బిందెలు ఎత్తుకోకుండా ఇసుకలోనే ఉంచారు. వాళ్లంతా నా మొహం వంకే చూస్తున్నారు.