తగ్గని మందు

మా చెల్లెలిని ల్యాబులో అందరూ తూకం అని పిలుస్తారు. ఇంట్లో కూరలో ఉప్పు కూడా కొలిచి వేస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కూడా.

నా పొట్ట చర్మం కింద ఒక చిన్న పంపు ఉంది. దాని తిత్తిలో నింపిన నొప్పి మందు సన్నని గొట్టం గుండా చుక్క చుక్కగా వెన్నులోకి చేరుతుంది. ఒంటి వేడికి ఆ మందు బలం ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చడమే చెల్లెలి పని. అలాంటి పంపు తిత్తులనే మందుతో నింపి, ఒంటి వేడికి సరిపడే వెచ్చని పెట్టెలో ఉంచుతారు. వారం వారం కాస్త తీసి పరీక్షిస్తారు. దాన్నిబట్టే నాకు మళ్లీ ఎప్పుడు నింపాలో డాక్టరు చెబుతాడు.

ఈసారి గడువుకు ముందే నడుము విరిగిపోతోంది. చెల్లెలితో చెప్పాను.

"మందు బాగానే ఉందక్కా. నా చేత్తో చూశాను. నువ్వే ఊరికే భయపడుతున్నావ్."

డాక్టరూ చెల్లెలి ల్యాబు రిపోర్టే చూపించి పంపేశాడు. తోడబుట్టినది నా మాటకన్నా ఒక పెట్టెను నమ్మింది. నొప్పికన్నా అదే ఎక్కువ ఏడిపించింది.

నిన్న సాయంత్రం చెప్పులైనా విప్పకుండా వచ్చి నా మంచం పక్కన కూలబడింది. వారం వారం తీస్తుంటే తిత్తిలో మందు తగ్గాలి కదా. తగ్గలేదట. ల్యాబులో చెల్లెలికి పని నేర్పిన పెద్దాయన, బాబాయ్ అని పిలుచుకునే మనిషి, ఎవరూ లేనప్పుడు అందులో కొత్త మందు పోస్తున్నాడు. ఆ మందు పాళ్లు ఆయన కుదిర్చినవే మరి, బలం నిలవదని తేలితే పోయేది ఆయన పరువే. నిలదీస్తే ఒప్పుకున్నాడు. కంచే చేను మేసింది.

"నీ నొప్పి నిజమేనక్కా."

"అది నాకు తెలీదా? డాక్టరుకు చెప్పు."

"కొన్నాళ్లు ఆగు. బాబాయే చెప్తానన్నాడు. పరువుగల మనిషి."

"మరి నా నడుము?"

చెల్లెలు నా దుప్పటి సర్దసాగింది. నాకు ఒళ్లు మండింది. ఆయన దాన్ని మోసం చేశాడు, కాదనను. ఇప్పుడా మోసం మీద కప్పడానికి దానికి నా వెన్నే దొరికింది. ఫోను అందుకున్నాను. చెల్లెలు ఆపలేదు.

"నా పేరు మాత్రం చెప్పకక్కా," అంది.

మందులో బలం పోయిందని, ఆ పరీక్ష అబద్ధమని డాక్టరుకు చెప్పాను.

"ఈ మాట మీకెవరు చెప్పారమ్మా?"

చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా చెల్లెలండి," అన్నాను.