తొట్టిల చేసిన చేయి

మా ఇంట్లో పసిబిడ్డగా నన్ను ఊపిన ఒక టేకు తొట్టిల ఉండేది. తల వైపు రెండు చిలకలు, అందులో ఒకటి వెనక్కి తిరిగి చూస్తున్నట్టు చెక్కారు. "మా ముత్తాత చేసినాడు," అనేవాడు నాయన. బళేపేటలో ఆయన వడ్రంగి కొట్టుకు వచ్చి ఆ కథ వినకుండా పీట కొనుక్కుపోయినవాళ్ళు లేరు. నేనైతే బడిలో కూడా గొప్పలు చెప్పుకున్నాను.

అరవైల మొదట్లో తొలి కాన్పుకు పుట్టింటికి వస్తే, ఆ తొట్టిలను అటక మీది నుంచి దించారు. కొడుకు పుడితే అది చేసినాయన పేరే పెట్టాలని నా ఆశ. పేరడిగితే నాయన, "పాతకాలం మాట, ఎవరికి గుర్తుంటాది," అని దాటేశాడు.

ఆ నెలలోనే హెళవ వచ్చాడు. ఎద్దు మీద ఊరూరా తిరిగి, వంశాలు పాడేవాడు. ఎవరి తాత ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చాడో అన్నీ నోటికే చెబుతాడు. నాయన కొట్టులో ఉన్నాడు. నేనూ, నాయన తల్లి మా అవ్వా గడపలో కూర్చుని విన్నాం. పాటలో ముత్తాత కొలిమి ముందు కూర్చుని నాగలి కర్రులు సాగదీశాడు. ఆయన కొడుకూ కమ్మరే.

"మరి ఈ తొట్టిల?" అన్నాను.

"మీ ఇంటికి ఉలి తెచ్చింది..." అని హెళవ నాలుక కరుచుకున్నాడు. "ఆ పేరు పాడకూడదు తల్లీ. మీ నాయన పాడియావునిచ్చి పాటలోనుంచి తీసేయించినాడు."

"చెప్పప్పా, ఇంకెన్నాళ్ళు దాస్తాం," అని అవ్వ ఏడ్చింది. వాడు ఎద్దు పగ్గం అందుకున్నాడు. అవ్వే చెప్పింది. "నా పెద్దకొడుకమ్మా, నీకు పెదనాయన. యలహంకలో నువ్వు పుట్టినప్పుడు నీకోసమే చేసినాడు. నీ నాయనకు పని నేర్పిందీ వాడే. వేరే కులం పిల్లను చేసుకున్నాడని వెలేసినాం. వర్తూరులో ఉండె. పోయినేడు పోయినాడు."

అప్పుడు గుర్తొచ్చింది. నా పెళ్ళిలో పందిరి గుంజ దగ్గర ఒక ముసలాయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎవరని ఆనాడు అడిగితే, కట్టెల అడితీ మనిషి అన్నాడు నాయన. ఆయనేనా అంటే అవ్వ తల ఊపింది. ఆ పేరు నా చెవిలో చెప్పింది.

సాయంత్రం నాయనను నిలదీశాను.

"నీ సంబంధం చెడిపోతాదని చేసినా తల్లీ. ఆ పేరు పాటలో ఉంటే నిన్నెవరు చేసుకుంటారు?"

"నా పెళ్ళి మాట పుట్టకముందు నుంచే కొట్టులో ముత్తాత కథ చెబుతా ఉండావు కదా నాయనా. అది ఎవరి కోసం?"

ఆయన కొట్టు తాళంచెవి తీసుకుని లేచిపోయాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది నా పని. అన్న పేరు చెరిపేసి, అన్న పనితో కొట్టు నడుపుకుని, పైగా నన్ను అడ్డం పెట్టుకున్నాడు. ఆ కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు.

కొడుకే పుట్టాడు. పెదనాయన పేరే పెట్టాను. ఎవరి పేరని అత్తగారు అడిగితే, తొట్టిల చేసినాయనదని చెప్పాను. బారసాల నాడు వాణ్ణి అందులో పడుకోబెట్టి, పెద్దవాళ్ళంతా ఒక్కొక్కరుగా పేరు పెట్టి పిలిచారు. నాయన వంతు వచ్చింది. చిలకల మీద చేయి వేసి వంగాడు. పెదవులు కదిలాయి.

"చిన్నోడా," అన్నాడు.

చచ్చేదాకా వాణ్ణి అలాగే పిలిచాడు.