మూడు వాటాల గంట

అరసవల్లిలో మా ఎదురింటి ఉపేంద్ర షాపులకీ లాడ్జీలకీ నెట్‌వర్క్‌లు బిగిస్తాడు. నలభై దాటిన నెమ్మదస్తుడు. చేతికందిన ఏ పనీ సగంలో వదలడు. ఆ పనితనమే ఇప్పుడతన్ని తినేస్తోంది.

వాళ్లది ముగ్గురన్నదమ్ముల పొడవాటి పెంకుటిల్లు. తండ్రి పోయాక అడ్డగోడలు కట్టి మూడు వాటాలు చేసుకున్నారు. మూడు పొయ్యిలు, మూడు వీధి గుమ్మాలు. తల్లి జగ్గమ్మ పెరటి గదిలో ఉండేది. నెలకొకరి వంతు చొప్పున ఆమెకి అన్నం వెళ్లేది. పొలం పంచుకున్నట్టే అమ్మనీ పంచుకున్నారు. ఆ మాట వాళ్ల మొహానే అన్నాను, ఎవరికీ నచ్చలేదు.

ఇంటర్నెట్ మాత్రం అందరికీ ఒకటే ఉండేది. ఒకనాడు రెండో అన్న నరసింగరావు తన ఫోన్‌లో చూస్తున్న రికార్డింగ్ డ్యాన్సు కాస్తా పెద్దన్న సూరయ్య టీవీలో ప్రత్యక్షమైంది. ఆ సమయానికి సూరయ్య ఇంట్లో పురోహితుడున్నాడు. ఇంకేముంది, గొడవ వీధికెక్కింది. ఉపేంద్ర ఆ సాయంత్రమే నెట్‌వర్క్‌ని మూడు సెగ్మెంట్లుగా విడగొట్టాడు. లైను ఒకటే అయినా ఒక వాటాలోని వస్తువు ఇంకో వాటాకి కనబడదు, వినబడదు.

సూరయ్య భార్య రాజకుమారి కాలేజీలో జువాలజీ చెబుతుంది. గుమ్మంలో నిలబడి అదంతా చూస్తూ నవ్వింది.

"వానపాముక్కూడా ఒళ్లంతా ఇలాగ ఖండితాలే ఉపేంద్రా. కానీ లోపల నరం ఒకటే, తల కాడ్నించి తోక దాకా. ఒక సోట గుచ్చితే ఒళ్లంతా ముడుసుకుంటాది."

"మా పనిలో అలాగైతే కొంపలు మునుగుతాయి వదినా! ఒక ముక్కకి వైరస్ తగిలితే పక్క ముక్కకి తెలవకూడదు. ఇడగొట్టేది అందుకే."

తర్వాత తల్లి మంచానికి ఒక బటన్ బిగించాడు. నొక్కితే ఆ నెల వంతున్న వాటాలో గంట మోగుతుంది. నెల మారగానే గంటని తర్వాతి సెగ్మెంట్‌కి మార్చేవాడు. వంతు లేనివాళ్లని విసిగించడం ఎందుకని అతని ఆలోచన. కోడళ్లందరూ మెచ్చుకున్నారు కూడా.

పోయిన వేసవిలో నరసింగరావు వంతు వచ్చింది. పెళ్లాం పిల్లలతో కళింగపట్నం పెళ్లికి వెళ్తూ, మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా అని ఎవరికీ చెప్పలేదు. జగ్గమ్మకి గుండెనొప్పి వచ్చింది. బటన్ నొక్కింది. తాళం వేసిన ఇంట్లో గంట మోగింది. గోడకి ఇవతల ఉపేంద్ర టీవీ పెట్టుకుని అన్నం తింటున్నాడు. నరసింగరావు తిరిగొచ్చి చూసేసరికి ఆమె వేలు ఇంకా బటన్ మీదే ఉంది.

అప్పట్నుంచి ఉపేంద్ర మనిషి మనిషిలో లేడు. ఏ లాడ్జిలోనో నిచ్చెన మీద పని చేస్తూ చటుక్కున ఆగిపోయి చెవులు రిక్కిస్తాడట. నా పక్కన కూర్చున్నా అంతే.

"ఏటో మోగతన్నాది మావా, నీకినబడలేదా?"

"నా సేతుల్తోనే అమ్మ నోరు మూసీసినాను" అంటాడు. కాదురా అంటే వినడు. అన్నలకి మాత్రం ఆ బాధ లేదు. తప్పు మిషన్‌దని అనుకుంటే నిద్ర హాయిగా పడుతుంది మరి.

మొన్న ఆదివారం పొద్దున్న నన్ను పిలిచాడు. సెగ్మెంట్లన్నీ కలిపేశాడు. మూడిళ్లలోనూ గంటలు పెట్టాడు.

"అప్పుడే ఇలాగ గంటలెట్టుంటే ఎవులో ఒకలు పరిగెట్టొద్దురు మావా. అమ్మ బతికుండును. నాకది తేలాల."

పెరటి గదిలోకి వెళ్లి, ఖాళీ మంచం మీద కూర్చుని బటన్ నొక్కాడు. మూడు వాటాల్లోనూ గంట గట్టిగా మోగింది. అందరూ ఇళ్లలోనే ఉన్నారు. మళ్లీ నొక్కాడు. ఏ తలుపూ తెరుచుకోలేదు.

కాసేపటికి గోడవతల నుంచి సూరయ్య, అలవాటు కొద్దీ విసుక్కుంటూ కేకేశాడు.

"ఒరే, ఈ నెల ఎవుల వంతురా?"