పైన ఆగిన పెంక

బడి తెరిచే రోజుల్లోనే మా బాపుకు పని ఎక్కువ. వానలు పడకముందే ఊళ్లో ఇళ్లమీద గూనపెంకలు సర్దేవాడు. ఆయన కప్పుమీద కూర్చుంటే కింద నుంచి ఒక్కొక్క పెంకా విసిరి అందించడానికి మనిషి కావాలి. ఆ మనిషిని ఆయన కూతురినైన నేనే. అది అయిపోగానే నాట్లు. అందుకే బడికి పోలేదు; చదవడం, రాయడం నాకు యాభై ఆరేళ్లకు గానీ రాలేదు, అదీ మహిళా సంఘం పెట్టిన సాయంత్రపు బడిలో.

పోయిన ఏడాది నా బిడ్డ కూతురు ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పింది. మళ్లీ పరీక్షకు ఒక్క రోజే ఉంది.

"ఈసారి పోతే సదువు బంద్ వెడ్త అమ్మమ్మా. బట్టల దుకాణంల చేరుత," అంది.

నాకు భయమేసింది. పుస్తకం నా ముందుకు లాక్కుని, వేలు పెట్టి ఒక లెక్క చదవడం మొదలుపెట్టాను. బంతిని సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే అది చేరే గరిష్ఠ ఎత్తు ఎంత (g = 10)?

"నువ్వు సదివేటాల్లకు బంతి కిందికస్తది," అని నవ్వింది. వెంటనే ముఖం ముడుచుకుంది. "చివరి వేగం ఇయ్యనేలే. ఎట్ల జెయ్యాలె?"

"అన్నిటికన్నా పైకి వోయినంక ఇంకేం వేగం? ఆడ ఆగుతది గద."

"పైకి పొయ్యేది పొయ్యి కిందికస్తది. నడుమ ఎట్ల ఆగుతది?"

గోడవారన పాత ఇంటి పెంకలు కొన్ని మిగిలి ఉన్నాయి. మనవరాలిని డాబా మెట్లమీద నిలబెట్టి కింద నుంచి ఒకటి పైకి విసిరాను. తొందరపడి ముందే చెయ్యి చాచింది, పెంక వేళ్లకు తగిలింది.

"అబ్బా! నా వేళ్లు ఇరగ్గొడ్తవా?"

నేను గట్టిగా విసిరినప్పుడు బాపు అచ్చం అదే మాట అనేవాడు. మెల్లగా విసిరితే వంగలేక తిట్టేవాడు. సరిగ్గా విసిరానంటే, గూట్లోంచి తీసుకున్నట్టు పెంకను తీసుకునేవాడు.

"జర ఆగు బిడ్డా. అది నిలవడ్డంక పట్టు."

మూడోసారి పెంక దాని అరచేతి ముందుకు వెళ్లి నిలిచింది. మనవరాలు రెండు వేళ్లతో తీసుకుంది.

"ఆగింది అమ్మమ్మా! నువ్విచ్చిన వేగమంత ఎత్తుకే ఖర్సయింది!"

మెట్లు దిగి వచ్చి చివరి వేగం సున్నా అని రాసుకుంది. జవాబు ఇరవై మీటర్లు వచ్చింది. పుస్తకం వెనక కూడా అదే ఉంది. ఆ పూట ఇంకో పదకొండు లెక్కలు చేసింది, నన్ను పిలవకుండానే.

మరునాడు పొద్దున ఇద్దరం హుజూరాబాద్ బస్సెక్కాం. పరీక్ష జరిగే కాలేజీ గేటు దగ్గర నంబర్ల కాగితం అంటించారు. అది గుంపు వెనకే ఆగిపోయింది. హాల్ టికెట్ నేను తీసుకుని, పిల్లల మధ్యలోంచి ముందుకు జరిగి, వరుస వెంట వేలు పెట్టి దాని నంబరు వెతికాను. ఏ గదో చదివి చెప్పి లోపలికి పంపాను.