ఆయన కుక్క, ఆవిడ కోళ్లు

కండక్టరుగారు ఉద్యోగాన్ని వదిలి నాలుగేళ్లయింది గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో నడిచినా కాళ్లు కాస్త ఎడంగా వేసి, నేల ఏ క్షణాన కుదుపుతుందో అన్నట్టు నడుస్తారు. గుమ్మంలో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటుంటే "లోపలికి జరగండి, లోపల బోలెడంత ఖాళీ" అంటారు. వీధిలో చాలామందికి ఆయన పేరు తెలియదు. ఇన్నేళ్లలో ఆ అవసరం ఎవరికీ పడలేదు.

ఇరవైతొమ్మిదేళ్లపాటు బస్సెడు జనాన్ని కంటిచూపుతో సర్దిన మనిషి, ఇంటికొస్తే భార్య ముందు కిక్కురుమనరు. ఆవిడ గయ్యాళి కాదు. అనాల్సిన మాట ఒక్కసారే అంటుంది, అన్నాక మార్చదు. అలాంటివాళ్లతో వాదించడం గోడకి తల కొట్టుకోవడమేనని ఆయనకి పెళ్లయిన కొత్తలోనే అర్థమైంది. ఆ తెలివి రాక జీవితాలు పాడుచేసుకున్న మగాళ్లు కోకొల్లలు.

ఆవిడకి పెరట్లో ఆరు పెట్టలు. పొద్దున్నే తన మొహం కడుక్కోకముందే వాటి గూడు తలుపు తీస్తుంది. వాటికి పేర్లు పెట్టింది మాత్రం కండక్టరుగారు. ఎప్పుడూ ఒక పక్కకి చేరి బయటికి చూసేది కిటికీ. అందరినీ తోసుకుని గింజల మీద పడేది అర్జెంటు. లోపల ఎంత చోటున్నా గోడ అంచు మీదో, బల్ల కొన మీదో వేలాడేది ఫుట్‌బోర్డు. ఆ పేర్లు విని ఆవిడ మూతి ముడిచింది గానీ, వారం తిరక్కుండా తనూ అలాగే పిలవడం మొదలుపెట్టింది.

కండక్టరుగారి సర్వీసులో ఇరవైరెండేళ్లు ఒకే డ్రైవరుతో గడిచాయి. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. కండక్టరుగారు ఆయన్ని అన్నా అనేవారు, ఆవిడ అన్నయ్యగారూ అనేది. ఒకరు ముందు స్టీరింగు దగ్గర, ఒకరు వెనక మెట్టు మీద. బండి నడుస్తున్నంతసేపూ ఇద్దరి మధ్యా మాటలుండవు, ఈలే మాట. ఒకటి కొడితే ఆగాలి. రెండు కొడితే కదలాలి. ఆ ఈల వినపడ్డాక డ్రైవరన్న ఇక వెనక్కి తిరిగి చూసుకునేవాడు కాదు.

ఆ డ్రైవరన్న ఒక మధ్యాహ్నం గుండెపోటుతో పోయాడు. చేయాల్సినవన్నీ కండక్టరుగారే దగ్గరుండి చేయించారు. అన్నీ అయ్యాక గది ఖాళీ చేయడానికి వెళితే, గుమ్మానికి అడ్డంగా కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు, బక్క ఒళ్లు, పొడుగు కాళ్లు. కంటికి ఏది కదిలినా దాని వెంట పడే రకం. ఆపడం ఎవరి తరమూ కాని ఆ కుక్కకి బ్రేకు అని పేరు పెట్టి, డ్రైవరన్న తనలో తనే మురిసిపోయేవాడు. కండక్టరుగారు దాని మెడకి తాడు కట్టి ఇంటికి నడిపించుకొచ్చారు.

ఆవిడ గేటు దగ్గరే ఎదురైంది.

"ఏవండీ, దీన్నెక్కడికి తీసుకొస్తున్నారు?"

"అన్న కుక్క. మనం తప్ప దానికెవరున్నారు చెప్పు?"

"దానికి మనం ఉన్నాం, బాగుంది. నా కోళ్లకెవరున్నారు?"

పదేళ్ల కిందట పొద్దుటి డ్యూటీ హడావుడిలో ఆయన పెరటి తలుపు గొళ్లెం పెట్టడం మరిచిపోయారు. వీధి కుక్కలు దూరి ఎనిమిది కోళ్లని చంపేశాయి. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. పెరడంతా తిరిగి ఈకలు ఏరి బుట్టలో వేసింది. రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఆయన ఇప్పటికీ అనుకుంటారు.

"సరే, ఉండనివ్వండి" అంది ఆవిడ చివరికి. "కానీ ఒక్క కోడి పోయినా ఆ పూటే ఇది ఈ ఇంట్లోంచి పోవాలి. ముందే చెబుతున్నాను, తర్వాత బతిమాలొద్దు."

"మాటంటే మాటే" అన్నారు కండక్టరుగారు. అన్న వదిలిపోయినవాటిలో ప్రాణమున్నది అదొక్కటే. దాన్ని నిలబెట్టుకోవడం ఎలాగన్నదే ఆ రోజు నుంచి ఆయనకి పని.

ముందు పెరటిని రెండుగా విడదీశారు. కోళ్ల వైపున్న పాత జాలీ కోడిని ఆపుతుందే తప్ప, పళ్లున్న కుక్క తలచుకుంటే చింపేస్తుంది. అది పీకేసి, వేలెడు సందు కూడా లేని గట్టి వెల్డింగ్ జాలీ వేయించారు. కుక్క మట్టి తవ్వి దూరకుండా జాలీ అడుగుభాగాన్ని జానెడు లోతున పాతి, కుక్క వైపుకి వంచి పైన రాళ్లు పరిచారు. దారికి ఒకటి కాదు, రెండు తలుపులు పెట్టించారు. మధ్యలో మనిషి నిలబడేంత చోటు. మొదటిది మూసేదాకా రెండోది తెరవకూడదన్నది రూలు. ఆ రూలు ఆవిడకి ఎంత బాగా నచ్చిందంటే, ఆయన మరిచిపోతే వంటింటి కిటికీలోంచి కేకేసి మరీ గుర్తుచేసేది.

తర్వాత కుక్క వంతు. మొదటి నెల గొలుసు విప్పలేదు. కుక్కకి కడుపు నిండా పెట్టాకే అవతల కోళ్లని వదిలేవారు. జాలీకి పది అడుగుల దూరంలో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తనూ పీట వేసుకుని కూర్చునేవారు. కోడి రెక్క విదిలిస్తే చాలు, కుక్క ఒంట్లో కరెంటు పాకేది. ఈల ఒకటి కొట్టి గొలుసు బిగించేవారు. అది కోళ్ల మీంచి చూపు తిప్పి తన మొహంలోకి చూసిన క్షణాన బిస్కెట్టు ముక్క నోటికి అందించేవారు. గిన్నెలో తిండి పెట్టి, ఒకటి కొట్టి ఆపి, రెండు కొట్టాకే తిననిచ్చేవారు. ఒకటంటే ఆగు, రెండంటే పో. ఆయనకి తెలిసిన చదువు అదొక్కటే, దాన్నే చెప్పారు.

రెండో నెలకి పది అడుగులు నాలుగయ్యాయి. మూడో నెలకి బ్రేకు జాలీ పక్కనే పడుకుని కునుకు తీసేది. ఇవతల గొలుసు విప్పినా ఒక్క ఈలకి ఉన్నచోటనే నిలబడిపోయేది. కండక్టరుగారి ఆనందం అంతా ఇంతా కాదు. "చూశావా, అన్న కంటే బాగా వింటోంది" అన్నారు ఒకసారి. ఆవిడ విననట్టే గింజలు చల్లింది గానీ, ఆ సాయంత్రం కుక్క గిన్నెలో మాంసం ముక్క ఒకటి ఎక్కువ పడింది.

మిగిలింది ఫుట్‌బోర్డు ఒక్కటే. కాళ్లు భూమ్మీద ఆనని కోడి. "దాని ఒక రెక్క ఈకల కొసలు కత్తిరించేద్దాం. నొప్పేమీ ఉండదు, మన గోళ్లు తీసుకున్నట్టే. జాలీ దాటి ఎగరలేదంతే" అని కండక్టరుగారు రెండుసార్లు చెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"దానికున్న సరదా అదొక్కటేనండీ. అది కూడా పీకేస్తారా?"

ఆయన ఇక పట్టుబట్టలేదు. ఆవిడ ఎవరి సరదా గురించైనా మాట్లాడటం ఆయన విన్నది తక్కువ.

నాలుగో నెలలో ఒక రోజు, పన్నెండు గంటల వేళ. ఆవిడ వంటింట్లో ఉంది. ఆయన ఇవతల పీట మీద కూర్చుని పేపరు చూస్తున్నారు, మెడలో తాడుకి ఈల వేలాడుతోంది. గొలుసు విప్పిన బ్రేకు నీడలో పడుకుని ఉంది. ఫుట్‌బోర్డు గూటి పైకప్పెక్కింది, అక్కణ్ణించి జాలీ అంచు మీదికి గెంతింది. గాలి కాస్త గట్టిగా వీచేసరికి పట్టు తప్పి, రెక్కలు టపటపలాడిస్తూ ఇవతల పడింది. కుక్కకి సరిగ్గా అయిదు అడుగుల దూరంలో.

బ్రేకు లేచి ఉరికింది. కండక్టరుగారు ఈల కొట్టారు, ఒకటి.

అది ఆగింది. అలా ఇలా కాదు, ముందుకాలు ఒకటి గాల్లోనే ఉండగా ఆగింది. ఒళ్లంతా వణుకుతూ, ఆయన వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు లేచివెళ్లి దాని మెడపట్టీ పట్టుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ కోడి కేకలు పెడుతూ కుక్క కాళ్ల ముందు నుంచే పరిగెత్తింది. అదే బస్సులోనైతే, ఒక ఈలకి బండి ఆగుతుందో లేదోనన్న భయమేస్తే కండక్టరు రెండోది కొట్టడు. పక్కనున్న రేకు మీద దబదబా బాదుతాడు. ఆయన చెయ్యి దానంతటదే పక్కకి వెళ్లింది. అక్కడ రేకు లేదు. ఆ కంగారులో, ఈల ఇంకోసారి కొట్టేశారు.

రెండు ఈలలయ్యాయి. బ్రేకు దూకింది.

కంటి రెప్పపాటులో అయిపోయింది. ఇక ఆయన్ని కోసేసింది ఆ తర్వాతి సంగతి. కుక్క కోడిని చింపలేదు, పారిపోలేదు. నోటితో మెల్లగా తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టి, కూర్చుని, తోక ఆడిస్తూ మొహంలోకి చూసింది. బిస్కెట్టు ముక్క కోసం. ఫుట్‌బోర్డు మెడ వాలిపోయి ఉంది.

ఆవిడ వచ్చేసరికి కండక్టరుగారు కుక్క మెడకి గొలుసు తగిలిస్తున్నారు. కొక్కెం ఎంతకీ పడటం లేదు. ఆవిడ వంగి కోడిని రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని రెక్క సర్ది, ఈకలు నిమిరింది. అలా నిమురుతూనే అడిగింది.

"గొలుసు వేసి ఎక్కడికి బయల్దేరారు?"

"ఊరి చివర గోదాములో వాచ్‌మన్ కుక్క కావాలంటున్నాడు. మంచివాడే, చూసుకుంటాడు." ఆయన గొలుసు పిడికిట్లో బిగించి తలెత్తారు. "నువ్వు చెప్పావు, నేను మాటిచ్చాను. కానీ ఒక్క సంగతి వినాలి నువ్వు. ఇది ఆగింది. ఒట్టు, నా ఈలకి ఆగింది. నేనే కంగారుపడి ఇంకోటి కొట్టాను. ఇది తప్పు చేయలేదు. చెప్పిన పని చేసింది."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్లు కండక్టరు పెళ్లాన్ని, ఒకటేదో రెండేదో నాకు తెలియదా? మొదటిది విని హమ్మయ్య అనుకున్నాను. రెండోది వినగానే గిన్నె పారేసి పరిగెత్తుకొచ్చాను."

ఆవిడ కోడిని పమిటలో చుట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"రెక్క కత్తిరిస్తానంటే అడ్డం పడింది నేను. మీ తప్పూ ఉంది, నా తప్పూ ఉంది. నోరులేనిదాన్ని పంపించేస్తే ఎవరి తప్పు పోతుంది?"

"మరి నువ్వన్న మాట?"

"అన్నది నేను. వెనక్కి తీసుకునేదీ నేనే. మధ్యలో మీరెవరు?" ఆవిడ పమిటలోని కోడి వైపు చూసింది. "దీనికోసం నాలుగు రోజులు ఏడుస్తాను. మీతో మాట్లాడను కూడా. అది నా ఏడుపు, నన్ను ఏడవనివ్వండి. ఈ కుక్కని ఎక్కడో వదిలొచ్చి మీరు ఉన్నన్నాళ్లూ కుమిలిపోతుంటే, అది కూడా నేనే చూడాలా?"

కండక్టరుగారు పీట మీద కూలబడ్డారు. డ్రైవరన్న పోయిన రోజున పాడె సరిచూసుకున్నారు, వచ్చినవాళ్లకి కుర్చీలు వేశారు, చివరిదాకా నిలబడి అందరినీ సాగనంపారు. కంట తడి మాత్రం పెట్టలేదు. ఇప్పుడు రెండు చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

"ఇరవైరెండేళ్లు" అన్నారు వెక్కుతూ. "ఇరవైరెండేళ్లలో అన్నకి ఒక్కసారి కూడా తప్పు ఈల కొట్టలేదే. ఒక్కసారి కూడా కొట్టలేదే."

కుక్కకి ఏమర్థమైందో గానీ, లేచి ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టింది.

"ఏడవండి" అంది ఆవిడ. "అన్నయ్యగారు పోయి నాలుగు నెలలైంది. ఇప్పటికి ఏడ్చారు."

చాలాసేపు ఆయన్ని అలాగే ఏడవనిచ్చింది. తర్వాత ఒక చేత్తో కోడిని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో ఆయన పిడికిట్లోంచి గొలుసు తీసుకుంది. బ్రేకుని నీడలోకి నడిపించి, గొలుసు గుంజకి తగిలించి, దాని గిన్నెలో నీళ్లు పోసింది.