తాయారుకు లేచిన మేక గడ్డ

మేకకు దవడ కింద గడ్డ లేస్తే ఆ చుట్టుపక్కల వాళ్లు ముందు తాయారు ఇంటికే తోలుకొచ్చేవారు. కోటబొమ్మాళికి కూతవేటు దూరంలో ఉండే ఆ ఊళ్లో ఆమె హస్తవాసి అలాంటిది. మేకను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బ్లేడుతో చిన్న గాటు పెట్టి, పెరుగు ముద్దలాంటి చీమునంతా వేళ్లతో నొక్కి తీసేసేది. చీము నేలమీదే పడేది. చేతులు చీరకు తుడుచుకునేది.

అయితే ఆమె సొంత మేకల్లోనే గడ్డలు తగ్గేవి కావు. ఒకదానికి మానితే ఇంకోదానికి లేచేది. ఎవరి కళ్లు పడ్డాయోనని ఊరందర్నీ అనుమానించింది తాయారు.

ఓసారి బ్లేడు జారి ఆమె బొటనవేలు తెగింది. పసుపు అద్ది ఊరుకుంది. కొన్నాళ్లకు చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. మొగుడు కూర్మయ్యకు నవ్వాగలేదు.

"ఒసే, మేకల గడ్డ నీకూ లేసినాదే! రా, నానే గాటెడతాను."

"నీ సేతికిస్తే సెయ్యే ఊడిపోద్ది," అంది తాయారు. కానీ జ్వరం తగిలి, జడ వేసుకోవడానికి చెయ్యి లేవకపోయేసరికి భయపడి ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టర్ ప్రమోద్ మొదట క్షయ అనుకున్నాడు. ఆమె చేసే పని విన్నాక చీము పరీక్షకు పంపాడు. కోరినీబాక్టీరియా అని తేలింది.

"మేకల్లో, గొర్రెల్లో గడ్డలు లేపే క్రిమి ఇదమ్మా. తెగిన వేలిలోంచి నీలోకి దూరింది."

"అయితే నానిప్పుడు గడ్డి తినాలేటి బాబూ?"

డాక్టరు పగలబడి నవ్వాడు. ఆపరేషన్ చేసి గడ్డ తీసేసి, చాలా రోజులు మాత్రలు వాడమన్నాడు.

తర్వాత ఆయన కబురు పెడితే పశువుల డాక్టరు భారతి వచ్చి మేకల పాక చూసింది. చీము పడిన మట్టిలో ఆ క్రిమి నెలల తరబడి బతుకుతుందనీ, ఒంటిమీద చిన్న గీరుడు ఉన్నా పక్క మేకకు పాకుతుందనీ చెప్పింది. తాయారు ముఖం చిన్నబోయింది.

"అంటే ఈ రోగం నా సేతుల్తో నానే సల్లీసినాను గావాల."

ఆ సాయంత్రమే గడ్డలున్న మేకలను విడిగా కట్టేసింది. పాకలో పైమట్టి గీకించింది.

ఆమె పూర్తిగా కోలుకున్నాక పక్కింటి మహాలక్ష్మమ్మ మేకను తెచ్చింది. "ఒక్క గాటెట్టీయే తాయారూ!"

"ఆ పని మానీసినానొదినా. పద, డాట్రమ్మ కాడికెల్దాం," అంటూ మేకను ఆటో ఎక్కించింది తాయారు. డ్రైవర్ గొణుగుతుంటే, "నీ సీటేటీ కొరికీదులే, పోనీ!" అని గదమాయించింది.