నా పదకొండు రోజుల ఇంగ్లీషు పారాయణం

రండి రండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. వెనకాల ఉన్నవాళ్ళు ఆ చాప ముందుకు లాక్కోండి. సహస్రనామం అయింది, హారతి అయింది, పులిహోర చేతిలో ఉంది, ఇంకేం తొందర? నిన్న పంజాగుట్టలో నేను చేసిన ఘనకార్యం చెప్తాను, వినండి. ఒక స్కూలు ప్రిన్సిపాల్ గదిలో నిలబడి, చెప్పులు విప్పి, చేతులు జోడించి, మా నాలుగేళ్ళ వైషూకి నడుముకి తాడు కట్టి కొండ మీంచి దింపుతానని ఇంగ్లీషులో ఒప్పుకుని వచ్చాను. పైగా రాగయుక్తంగా!

అప్పుడే నవ్వకండి. మొదట్నుంచీ వింటేగానీ నా తెలివి ఎంతటిదో మీకు తెలీదు.

కిందటేడు ఇదే వైషూని నర్సరీలో వేద్దామని ఇంకో స్కూలుకి వెళ్ళాం, గుర్తుందిగా? అక్కడ పిల్లనేం అడగలేదు, తల్లిదండ్రుల్ని అడిగారు. అదీ ఇంగ్లీషులో. మా వారు ఆఫీసు ఇంగ్లీషుతో ఎలాగో గట్టెక్కారు. నా వంతు వచ్చేసరికి నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చున్నాను. "నమస్కారం" అన్నాను, నవ్వాను, అంతే. సీటు రాలేదు. మా వారు ఒక్క మాట అన్లేదు, పాపం. అనుంటే బావుండేది. అటు తర్వాత ఏడాది పాటు స్కూలు బస్సు కనపడితే నేను మొహం తిప్పుకునేదాన్ని. నా నోరు లేవక నా పిల్ల సీటు పోయింది కదా అని.

అందుకని ఈసారి పంజాగుట్ట స్కూలు నుంచి పిలుపు రాగానే, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, మన అమీర్‌పేటలోనే ఒక స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. క్లాసునిండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలు. మధ్యలో నేను, ఇంత బొట్టు, ఇంత కొప్పు. నన్ను చూసి మొదటి రోజు ముగ్గురు లేచి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు, పాఠం చెప్పడానికి వచ్చాననుకుని.

అక్కడి సారు భలే మనిషి. "మేడం, ఇంగ్లీష్ అంటే జర గూడ ఫికర్ జెయ్యకుండ్రి. మీకు ఏది ఇష్టముంటే గది చదువుండ్రి. గట్టిగ, బయటికి చదువుండ్రి. అర్థం ఎనక అదే వస్తది" అన్నాడు. ఒక్కొక్కళ్ళూ రెండు విషయాలు ఎంచుకోవాలట. ఒకటి వెంటనే చెప్పేశాను, పిల్లల పెంపకం. మరి ఇంటర్వ్యూలో అడిగేది అదేగా!

"రెండోది?"

"తీర్థయాత్రలు ఉన్నాయా సార్?"

"లేవు మేడం. అడ్వెంచర్ ట్రావెల్ ఉన్నది."

"అంటే ఏంటండీ?"

"గది సుత కొండలెక్కుడే."

కొండలెక్కడమే అయితే ఇంకేం! ఏడుకొండలు ఎక్కినదాన్ని, ఇది ఎక్కలేనా? ఇచ్చెయ్యమన్నాను. రెండు కట్టల కాగితాలు చేతిలో పెట్టి, జిరాక్స్ తీయించుకుని అసలు కాగితాలు తిరిగి ఇమ్మన్నాడు.

అసలు కథ ఇక్కడుంది. ఆ రోజు ఏకాదశి. పదకొండు మాలల జపం మొక్కు ఉంది నాకు. పొద్దున తొమ్మిది మాలలే అయ్యాయి. మిగతా రెండూ జిరాక్స్ షాపు ముందు నిలబడి మొదలుపెట్టాను, అక్కడ మనకంటే ముందు పాతికమంది ఉన్నారు కదా అని. జపం మధ్యలో మాట్లాడకూడదు, మీకు తెలియందేముంది? సరిగ్గా మూసిన నోటితో ఉన్నప్పుడు నా వంతు వచ్చింది.

"అక్కా, రెండు కట్టలున్నయ్ గద. ముంగట గిది, ఎనక గది ఏసి, ఒక్కటే బుక్కు జెయ్యాల్నా? కాగితాలు సగం మిగుల్తయ్."

కాగితాలు మిగులుతాయన్న ముక్క చెవిన పడిందంతే. తల ఊపాను.

"పిన్ను గొట్టాల్నా, స్పైరలా?"

వేలు గాల్లో గుండ్రంగా తిప్పాను. "సమజైంది" అన్నాడు. నా జపం పూర్తయ్యేసరికి పుస్తకం పూర్తయింది. ప్రతి కాగితానికీ ముందు వైపు పిల్లల పెంపకం, వెనక వైపు కొండలూ నదులూ! పేజీ పైన పేర్లు లేవు, ఏమీ లేవు. ముందు వైపు వాక్యం సగంలో ఆగుతుంది, తిప్పగానే వెనక ఇంకో వాక్యం సగం నుంచి మొదలవుతుంది. ఆ రెండు సగాలూ ఎంత చక్కగా కలిసిపోయాయంటే, దేవుడు నిర్ణయించిన జంటలనుకోండి.

ఇంటికి తెచ్చి పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. పదకొండు రోజుల పారాయణం అనుకున్నాను. పొద్దున దీపం దగ్గర ఒకసారి, సాయంత్రం దీపం దగ్గర ఒకసారి. పేజీలు తిప్పే డ్యూటీ వైషూది. నా ఒళ్ళో కూర్చుని, బొటనవేలు తడి చేసుకుని మరీ తిప్పేది. అర్థం? సారు ఎనక వస్తది అన్నాడుగా, నేనూ ఎదురుచూస్తున్నాను. "రోప్" అంటే తాడని తెలుసు నాకు. పిల్లల పెంపకంలో తాడెందుకు వచ్చిందబ్బా అని ఒకసారి అనిపించింది కూడా. దొరల పద్ధతులు అలాగే ఉంటాయిలే, మనం అనుమానిస్తే ఫలం దక్కదు అని చెంపలేసుకున్నాను.

మా వారు? ఆయన ఆ పదకొండు రోజులూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే టిఫిన్ చేశారు.

సరే, నిన్న ముగ్గురం వెళ్ళాం. ప్రిన్సిపాల్ మేడం గది. గంజి పెట్టిన కాటన్ చీర, కళ్ళజోడు. పక్కన ఒక చిన్న టీచరమ్మ, చేతిలో పెన్ను. మా వారిని రెండు ముక్కలు అడిగి నా వైపు తిరిగింది. "పిల్లతో మీరెలా గడుపుతారో చెప్పండి" అని ఇంగ్లీషులో అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడ్డాను. చెప్పులు విప్పాను. కళ్ళు మూసుకున్నాను.

"ఎ చైల్డ్ ఈజ్ ఎ గిఫ్ట్. లిజన్ టు యువర్ చైల్డ్ ఎవ్రీ డే..."

"ప్లీజ్ సిట్, సిట్" అంది మేడం.

మధ్యలో ఆగిపోయింది! పారాయణం మధ్యలో ఆగితే ఏం చెయ్యాలి? మొదటికి రావాలి. నా సంగతి మీకు తెలుసు, కిందటి శుక్రవారం ఎవరో తుమ్మితే ధ్యానశ్లోకం నుంచి మళ్ళీ అందుకున్నాను. కూర్చోకుండానే మొదలుపెట్టాను. "ఎ చైల్డ్ ఈజ్ ఎ గిఫ్ట్..." ఈసారి తలుపు తీసుకుని అటెండరు టీ తెచ్చాడు. "మేడం, చక్కెర ఎయ్యాల్నా?" అయిపోయింది. మూడోసారి, "ఎ చైల్డ్ ఈజ్ ఎ గిఫ్ట్!" మా వారు నెమ్మదిగా కర్చీఫు తీసి మొహం తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మూడోసారి బండి సాగింది. "వెన్ షి క్రైస్, టేక్ హర్ హ్యాండ్ జెంట్లీ, అండ్ టై ద రోప్ అరౌండ్ ద వేస్ట్!" అంటే ఏంటన్నమాట? పిల్ల ఏడిస్తే మెల్లగా చెయ్యి పట్టుకుని, నడుముకి తాడు బిగించమని. "బిఫోర్ బెడ్‌టైమ్, గివ్ హర్ వార్మ్ మిల్క్, అండ్ పుష్ ద రాఫ్ట్ ఇన్‌టు ద రివర్!" నిద్రపోయే ముందు గోరువెచ్చని పాలిచ్చి, తెప్ప నదిలోకి తోసెయ్యమని. మంచి గొంతు ఇచ్చాడు భగవంతుడు, ఏం దాచుకుంటాను? "లెట్ హర్ డౌన్ ద క్లిఫ్ స్లోలీ" దగ్గర పైస్థాయి అందుకున్నాను.

కిసుక్కుమని నవ్వు వినపడింది. కళ్ళు తెరిచాను. టీచరమ్మ నోటికి పెన్ను అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

అంతే. చెవులు వేడెక్కిపోయాయి. తర్వాత ముక్క ఏంటో గుర్తు లేదు. మెదడులో ఏమీ లేదు, తుడిచేసిన పలక. కిందటేడు ఎలా నేలకేసి చూస్తూ కూర్చున్నానో, అలాగే నేలకేసి చూస్తూ నిలబడ్డాను. పోయింది, మళ్ళీ నా వల్లే పోయింది అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయండీ, నిజంగా.

అప్పుడు నా చీర కుచ్చిళ్ళ దగ్గర్నుంచి చిన్న గొంతు. "డోంట్ లుక్ డౌన్, అమ్మా."

వైషూ! తర్వాతి ముక్క అందించింది!

టీచరమ్మకి ఈసారి నవ్వు పొంగుకొచ్చింది. అప్పుడు మేడం ఏం చేసిందో తెలుసా? ఇలా ఒక్క వేలు ఎత్తింది. టీచరమ్మ చప్పున ఆగిపోయింది. మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "గో ఆన్" అంది. పిల్ల ఒక ముక్క, నేనొక ముక్క. హెల్మెట్టు పెట్టుకోవడం, అన్నం తినిపించడం, టెంటు మేకులు కొట్టడం, తల దువ్వడం, అన్నీ చివరిదాకా చెప్పి నమస్కారం పెట్టాం. అలవాటు చొప్పున మా వారు రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు.

"మీరిదంతా రోజూ చేస్తారా?" అని ఇంగ్లీషులోనే అడిగింది మేడం.

నా జవాబు వినండి. "ఎవ్రీ డే మేడం! మార్నింగ్, ఈవెనింగ్, టూ టైమ్స్! ఈవెన్ ఏకాదశి!"

ఇదంతా ఎందులో చదివారని మేడం అడిగితే, సంచీలోంచి పుస్తకం తీసిచ్చాను. పసుపంటిన అట్ట తిప్పింది. ముందు వైపు చూసింది, వెనక వైపు చూసింది, మళ్ళీ ముందు. పెదాలు బిగబట్టి, రెండు వైపులూ నాకు చూపించి, తెలుగులో చెప్పింది. ఇటు పిల్ల, అటు కొండ. నాకు జిరాక్స్ షాపు, జపమాల, ఊపిన తల అన్నీ ఒక్కసారి కనపడ్డాయి. భూమాత నన్ను కూడా లోపలికి తీసుకుంటే బావుండుననిపించింది.

"పాపకి ఇదంతా ఎవరు నేర్పారమ్మా?" అంది.

"ఎవరూ నేర్పలేదు మేడం. నేను చదువుతుంటే ఒళ్ళో కూర్చుంటుంది. పేజీలు తిప్పుతుంది."

మేడం వైషూ ఫారం ముందుకి లాక్కుంది. ఏదో రాసింది. "జూన్‌లో పంపించండి. తాడు మాత్రం ఇంట్లో పెట్టి పంపండి" అంది.

సీటు వచ్చిందండీ! మేం బయటికొచ్చి తలుపు మూశాక, చూడండి, అప్పుడు లోపల నవ్వు పేలింది! మేడందే పెద్ద గొంతు. అంటే అంతసేపూ ఆ మహాతల్లి ఎంత బిగబట్టుకుని ఉందో ఆలోచించండి. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి మెట్రోలో ఒక్క స్టేషను. మా వారు నవ్వు, నేను నవ్వు, ఎందుకో తెలీకుండా వైషూ నవ్వు. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఎస్.ఆర్. నగర్! వెనక్కొచ్చి నేరుగా జిరాక్స్ షాపు మీదికి యుద్ధానికి వెళ్ళాను. "అక్కా, నేను అడిగిన గద? మీరే తలకాయ ఊపిన్రు" అన్నాడు. ఏమంటాను? మళ్ళీ ఊపాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నా ఇంగ్లీషు మర్చిపోండి, పుణ్యముంటుంది. మేడం ఎత్తిన ఆ వేలు గుర్తుపెట్టుకోండి. ఎదుటివాళ్ళు తడబడుతూ మాట్లాడుతుంటే నవ్వు ఆపుకుని, అడ్డం రాకుండా, చివరిదాకా వినండి. ఆ ఒక్క పనీ మీరు చెయ్యండి, పదిమందికీ చెప్పండి. తర్వాత తలుపేసుకుని ఎంతైనా నవ్వుకోండి, తప్పులేదు.

నేను ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టేశాను. మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఉన్నాడుగా, ఒడిశా నుంచి వచ్చినాయన, తెలుగు కూడబలుక్కుంటాడు. గేటు పక్కన తులసి కుండీ చుట్టూ నేను ప్రదక్షిణాలు చేస్తుంటే రోజూ "అమ్మా, ఈ చెట్టు..." అంటూ వస్తాడు, నేను "సరే సరే నాయనా, చల్లగా ఉండు" అని అక్షింతలు వేసి పంపించేస్తాను. ఇవాళ మాత్రం ఆగి, చేతులు కట్టుకుని, పూర్తిగా విన్నాను. పాపం, ఆర్నెల్ల నుంచీ చెప్పాలని చూస్తున్నాడట. "అమ్మా, తులసి వానకి పోయింది. ఇది... తులసి కాదు. ఉట్టి పిచ్చిమొక్క."

అలా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోకండి. మీలో నలుగురు నా వెనకాలే దాని చుట్టూ తిరుగుతున్నారని నాకు తెలుసు.